అకంపన వృత్తాంతము – రావణ పాత్ర పరిణామము

భద్రాచలమునకు దాదాపు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెం మండలమున గోదావరీతీరమందలి పర్ణశాలను సీతాపహరణ స్థలముగా స్థానిక ఐతిహ్యము చెప్పుచున్నది. ఖరునితో హతులైన 14,000 మంది రాక్షసుల బూడిదవలననే దుమ్ముగూడెమునకు ఆ పేరు వచ్చినదని అచ్చటి జనులందురు. నాసిక సమీపమందలి పంచవటికిని ఇట్టి ప్రసిద్ధియే కలదు. స్థలనిర్ణయ మెట్లున్నను, జనస్థాన వార్త లంకకు చేరిన విధమును పరిశీలించినగాని రావణ పాత్ర బోధపడదు.

దాక్షిణాత్య పాఠమున ఆ వార్త రెండు పర్యాయములు చేరినది. అరణ్యకాండ 31వ సర్గమున అకంపనుడు ఖరవధను విన్నవించి, రాముని యుద్ధమున జయించుట అసాధ్యమనియు, సీతను హరించుటయే ఉపాయమనియు చెప్పినాడు. రావణుడు మారీచుని కడకేగి, హితవు విని, లంకకు మరలినాడు.

పిమ్మట శూర్పణఖ వచ్చినది. ఆమె మొదట రావణుని రాజధర్మమందలి ఏమరుపాటును నిందించినది. పిదప రాముని పరాక్రమమును, సీత సౌందర్యమును వర్ణించినది. సీతను అన్నకు భార్యగా తేబోయి విరూపనైతినని అసత్యమాడినది. రామునిచే తిరస్కృతయై సీతపై పెంచుకొన్న అసూయను మాత్రము దాచినది.

రావణుడు మంత్రులను పంపివేసి, మంచిచెడ్డలను తానొక్కడే తూచుకొని, మరల మారీచుని చేరినాడు. హితము చెప్పువాడు ఆ మారీచుడే, వినువాడు మారినాడు. తాను కోరినది సహాయమేగాని గుణదోష విచారము కాదన్నాడు. కాదన్నచో చంపుదునని బెదరించినాడు.

ధనంజయుడు దర్పమాత్సర్యములను ధీరోద్ధతుని లక్షణములుగా చెప్పినాడు. ఆ బీజములు రావణునియందు ముందే కలవు. శూర్పణఖ వానికి నీరు పోసినది. షేక్స్పియరు నాటకమున ఒథెల్లో సాక్ష్యమడిగి మోసపోయినాడు. రావణుడు చెల్లెలి మాటకు సాక్ష్యమే అడుగలేదు. కావున నేరమంతయు శూర్పణఖపై మోపి రావణుని నిర్దోషిగా చూపు వాదము నిలువదు.

బరోడా ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ వారి సంశోధిత ముద్రణము (1960–75) అకంపన వృత్తాంతమును మూలమున స్వీకరింపలేదు. వ్రాతప్రతుల సాక్ష్యమును బట్టి ఆ నిర్ణయము సమంజసమే కావచ్చును. అయినను పాత్రబోధనమున ఆ సర్గమును విడుచుట యుక్తము కాదు. అది లేనిచో రావణుడు పరదారాపహారి మాత్రమే. ఉన్నచో, ఒకనాడు హితము విని మరలిపోయి, మరునాడు వినుటయే మానినవాడు. అతని పతనము విషాదమగుట ఆ భేదమువలననే. విద్యార్థికి ప్రక్షిప్తమను సంగతిని తెలుపుచునే ఆ సర్గమును పాఠము చెప్పవలెను.