ఓడెక్కి వచ్చిన రుచి

విశాఖ వైపు రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ కొత్త పేరేమీ కాదు. 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా వాల్తేరు డివిజన్‌కు హెడ్డాఫీసు అక్కడే. తండ్రి ఉద్యోగం పుణ్యమా అని కోల్‌కతా వచ్చి అక్కడే స్థిరపడిన మిత్రుడొకడున్నాడు. గార్డెన్ రీచ్‌లో ఇంకా పెరడు మిగిలిన ఇల్లు వాడిది. ఓ జనవరి ఆదివారం సాయంత్రం ఆ పెరట్లో ఆరుగురం చేరాం.

పని: ఫార్టిఫైడ్ వైన్ల రుచి చూడటం. అంటే ద్రాక్ష సారాయి కలిపి ఘాటు పెంచిన వైన్లు. విదేశాలకు వెళ్లొచ్చినవారు తెచ్చిన షెర్రీ, మదీరా, పోర్ట్ సీసాలు మూడు. పోలిక కోసం గోవాలో పోర్ట్ పేరుతో దొరికే తీపి ఎర్ర వైన్ ఒకటి.

తలా 30 మిల్లీలీటర్లే అనగానే గొడవ మొదలైంది. ‘‘దగ్గుమందు పోస్తున్నావా?’’ అన్నాడొకడు. లెక్క చెప్పాల్సి వచ్చింది. వీటిలో 20 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. నాలుగు రుచులూ చూస్తే ఒంట్లోకి వెళ్లేది సుమారు 24 మి.లీ. పెద్ద పెగ్గు విస్కీలో ఉండేదీ దాదాపు అంతే. తియ్యగా ఉంది కదా అని గ్లాసులు నింపుకుంటే తెలిసేది మర్నాడే.

కొలత బాధ్యత తాగని మిత్రుడికి అప్పగించాం. కాలేయం జాగ్రత్త అని డాక్టర్ హెచ్చరించాక మానేశాడాయన. అప్పట్నుంచీ మేము పిలవడం మానేశాం, ఆయన రావడం మానేశాడు. వైన్ రుచిలో సగం వాసనే కాబట్టి ఈసారి పిలిచాం.

వరస ముఖ్యం. పులుపు ముందు, తీపి చివర. ఐస్‌లో పెట్టిన ఫీనో షెర్రీతో మొదలుపెట్టాం. చక్కెరంతా పులిసిపోయాక సారాయి కలుపుతారు కాబట్టి ఇందులో తీపి ఉండదు. పలాస జీడిపప్పుతో బాగా కుదిరింది. పోర్ట్ దీనికి తలకిందులు. పులియడం సగంలో ఉండగానే సారాయి పోస్తారు. ఈస్ట్ చచ్చిపోతుంది, తీపి మిగులుతుంది. దానికి జోడీ నొలెన్ గుడ్ సందేశ్. దాని పక్కన గోవా సీసా పానకంలా తోచింది.

అసలు కథ మదీరాది. మన మదిరకూ దీనికీ చుట్టరికం లేదు. పోర్చుగీసులో ఆ మాటకు కలప అని అర్థం. అట్లాంటిక్‌లోని ఓ ద్వీపం పేరది. ఈస్టిండియా కంపెనీ ఓడలు అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకునేవి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి వేడిలో ఊగుతూ హుగ్లీలోకి వచ్చేవి. ఒడ్డున కంపెనీ దొరల తోట ఇళ్లు. ఊరికి ఆ పేరు వచ్చిందీ వాటివల్లే. 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్ కాపురమూ ఇక్కడే.

ఏ వైనైనా చెడిపోవాల్సిన ఆ ప్రయాణంలో మదీరా బాగుపడింది. ఇండియా దాకా వెళ్లి తిరిగొచ్చిన పీపాలకు ‘చుట్టివచ్చిన వైన్’ అని పేరే పెట్టారు. తర్వాత ఓడ ఖర్చు దండగని ఇంటిపట్టునే కాచడం నేర్చారు. మంచి రకాలను వెచ్చటి అటకల మీద ఏళ్లతరబడి ఉంచుతారు. మామూలు రకాలను 45-50 డిగ్రీల వేడిలో మూడు నెలలు ఉంచుతారు.

న్యూ మార్కెట్ నుంచి తెచ్చిన బందెల్ చీజ్ ముక్కలు పంచాం. అది కూడా పోర్చుగీసువారి వారసత్వమే. తాగని మిత్రుడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ‘‘అరిసెల పాకం. ఇంకో నిమిషముంటే మాడిపోయేది’’ అన్నాడు. మేమంతా మళ్లీ వాసన చూశాం. నిజమే! తాగిన ఐదుగురిలో ఒక్కడికీ తట్టలేదు.

తొమ్మిదింటికి టాక్సీలొచ్చాయి. సీసాలన్నీ సగానికి పైనే మిగిలాయి. మా పార్టీల చరిత్రలో ఇదే మొదటిసారి. ఫీనో వారంలోగా అయిపోవాలి. మదీరాకు తొందరేం లేదు, మూత తీశాక కూడా నెలలు ఆగుతుంది.

‘‘మళ్లీ ఎప్పుడు?’’ అని గేటు దగ్గర అడిగింది దగ్గుమందు మనిషే. తేదీ చెప్పింది మాత్రం తాగని మిత్రుడు.