ఫిర్యాదు పెట్టె తాళం ఎవరి దగ్గర?

తీహార్ జైల్లో డబ్బు కోసం ఓ ఖైదీని వార్డర్ చిత్రహింసలు పెట్టాడు. మరణశిక్ష పడిన తోటి ఖైదీ సునీల్ బాత్రా ఆ సంగతి సుప్రీంకోర్టు జడ్జికి ఉత్తరం రాశాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1979 డిసెంబరులో తీర్పిచ్చింది. జైళ్లలో ఫిర్యాదు పెట్టెలు పెట్టాలని, వాటిని జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జిలే స్వయంగా గానీ వారి ఆదేశాల మేరకు గానీ నిర్వహించాలని ఆదేశించింది.

కొట్టినవాడి చేతుల మీదుగా వెళ్లాల్సిన ఫిర్యాదు గోడ దాటదు మరి. నేడు మన జైళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. జనాభాలో తమ వాటాకు మించి దళితులు, ఆదివాసీలు అక్కడ మగ్గుతున్నారు. లాయరును పెట్టుకోలేని వీళ్లకు ఆ పెట్టె కూడా ఒక కోర్టు గుమ్మం. మీ జిల్లా జైల్లో పెట్టె ఉందా? తాళం ఎవరి దగ్గరుంది? దళిత సంఘాలు ముందు అడగాల్సింది ఇదే.