తండ్రీకొడుకుల తగాదా వేరు పట్టాలో ఉంది

తండ్రీకొడుకులకు పడకపోతే కొడుకుకు సంస్కారం లేదనడం పల్లెల్లో పరిపాటి. చదువు, పట్నం, సెల్‌ఫోన్, తాగుడు చెడగొట్టాయని పెద్దమనుషులు తీర్పు చెబుతారు. జనగామ జిల్లా తరిగొప్పుల వంటి మెట్ట మండలంలోని వ్యవసాయ కుటుంబాల బతుకును దగ్గరగా చూస్తే ఆ తీర్పు నిలవదు. తగాదా వేరు గుణంలో కంటే భూమి హక్కులో లోతుగా ఉంది.

పూర్వం కొడుకులు తండ్రి మాట జవదాటలేదన్నది మొదటి వాదన. కల్యాణి చాళుక్య ఆరో విక్రమాదిత్యుని కాలంలో (1076-1126) విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర దీన్ని కాదంటుంది. తాత ఆస్తిలో మనవడికి పుట్టుకతోనే హక్కు ఉందని, తండ్రి బతికుండగానే పంపకం అడగవచ్చని అందులో ఉంది. పేచీలు లేని కాలంలో ఇన్ని నియమాలు పుట్టవు.

కొడుకులకు బాధ్యత లేదన్నది రెండో వాదన. చెల్కలో పత్తి వేసేది, బోరు కింద వరి పండించేది, అప్పు తెచ్చేది నలభై ఏళ్ల కొడుకు. పాస్‌బుక్ మాత్రం తండ్రి పేరున ఉంటుంది. 2018 మేలో పంటకు ఎకరాకు 4,000 రూపాయలతో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే అందింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 5 లక్షల రూపాయల రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే వర్తించింది. పట్టాదారు తండ్రికి 65 ఏళ్లు నిండితే ఆయనకు వయసు అడ్డం, కొడుకుకు పట్టా లేదు. సేద్యం చేస్తూ కూడా ఆ ఇంట్లో కొడుకు రైతు లెక్కలోకి రాడు. బాధ్యత మోస్తున్నవాడికి హక్కు లేకపోవడమే ఇక్కడ అసలు అన్యాయం.

అలాగని తండ్రిని దురాశాపరుడనడమూ తప్పే. పట్టా చేతులు మారాక బువ్వ ఎవరు పెడతారన్న భయం ఆయనది. కొడుకుల ఇళ్లలో వంతుల వారీగా గడిపే ముసలివాళ్లను చూసిన మనిషికి ఆ భయం సహజం. దాన్ని సుద్దులు తీర్చలేవు, చట్టం కొంత తీర్చగలదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా భృతి ఇప్పించవచ్చు. పోషించాలన్న షరతుతో ఆస్తి పొందినవారు మాట తప్పితే, 23వ సెక్షన్ ప్రకారం ఆ బదిలీని రద్దు చేయవచ్చు. అందుకే షరతును పత్రంలో స్పష్టంగా రాయించాలి.

మేలైన దారి బతికుండగానే, మనసులు విరగకముందే పంచుకోవడం. తల్లిదండ్రులు తమ పోషణకు సరిపడా భూమి తమ పేరున ఉంచుకోవాలి. మిగతాది పిల్లలకు రాయాలి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతుళ్లకూ సమాన హక్కు ఉంది కనుక వారిని వదిలేసిన పంపకం కొత్త తగాదాకు విత్తనమే అవుతుంది. ఇలా రాసిచ్చే వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తెలంగాణలో 2020 నుంచి తహసీల్దారు కార్యాలయంలోనే జరుగుతోంది. కొడుకును దోషిగా నిలబెట్టే పంచాయితీ కంటే, ఇద్దరి హక్కులనూ కాగితం మీద పెట్టించే పంచాయితీ ఆ ఇంటికి ఎక్కువ మేలు చేస్తుంది.