కల్లులో కలిపింది నిద్రమందు

పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, తాగుడు ఊసెత్తితే రెండే మాటలు వినిపిస్తాయి. 'వాళ్లకు బుద్ధి లేదు, కూలి పైసలన్నీ కల్లు దుకాణానికే' అన్నది ఒకటి. 'దుకాణాలు మూయిస్తే వాళ్లే దారికొస్తారు' అన్నది మరొకటి. మొదటిది చదువుకున్నోళ్ల మాట, రెండోది సర్కారు మాట. రెండూ తప్పే.

రెండోది తప్పని 2015 సెప్టెంబరులోనే తేలిపోయింది. ఎక్సైజ్ దాడులతో పాలమూరు, నిజామాబాద్, మెదక్ జిల్లాల్లో నిద్రమందు కలిపిన కల్లు ఒక్కసారిగా ఆగింది. చేతులు వణికేవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు, లేనివి కనబడి కేకలు పెట్టేవాళ్లు వందల్లో ఆస్పత్రుల పాలయ్యారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం కిటకిటలాడింది. ప్రాణాలూ పోయాయి. డైజోఫాం, అల్ప్రాజోలం లాంటి ఆ మందులు ఏళ్ల తరబడి అలవాటైన ఒంటికి వాటిని ఒక్కరోజులో ఆపితే జరిగేది అదే. తెలిసిన డాక్టరైతే వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ పోతాడు. బుద్ధి లేనందుకు ఎవరికీ ఫిట్స్ రావు.

ఇక మొదటి మాట. అసలు కల్లులో ఏం కలిపారో చూడండి. ఉన్న ఈతచెట్లు, తాటిచెట్లు గిరాకీకి చాలక కల్తీ మొదలైందంటారు, సరే. క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం - ఈ మూడింట్లో ఒక్కటీ హుషారునిచ్చేది కాదు. అన్నీ నిద్రపుచ్చేవి, గుండెదడను, భయాన్ని అణిచేవి. చవకగా దొరుకుతాయి కాబట్టే కలిపారనేవాళ్లున్నారు. అదీ ఉంది. కానీ చవక సరుకైనా కొనేవాడు మళ్లీ మళ్లీ వస్తేనే నిలుస్తుంది. ఈ జనానికి కావాల్సింది సంబరం కాదు, కంటినిండా నిద్ర అని కల్తీ వ్యాపారి ఎప్పుడో పసిగట్టాడు. మన ఆరోగ్య శాఖ ఇంకా పసిగట్టాలి.

నిద్ర ఎందుకు పట్టదు? నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపు పోండి. 1981 వేసవిలో శ్రీశైలం ముంపు ఊళ్లను 'ఆపరేషన్ డిమాలిషన్' పేరుతో సర్కారే కూల్చింది. జటప్రోలు, సోమశిల గుళ్లను మాత్రం రాయి రాయీ విప్పి వేరేచోట మళ్లీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని అలంపూర్‌కు తెచ్చారు. మంచి పనే. దేవుళ్ల మీద చూపిన ఆ ఓపిక మనుషుల మీద చూపలేదు. గద్వాల చుట్టూ సీడ్ పత్తి చేలలో పూలకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి బడి మాని పోయిన పిల్లలున్నారు. వనపర్తి పల్లెల్లో అమ్మానాన్నలు కూలీలను తోలుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబైకో పుణెకో పోతే అవ్వ దగ్గర పెరిగినవాళ్లున్నారు. ఆ పిల్లలే ఇవాళ కల్లు దుకాణం ముందు కూర్చున్న పెద్దలు.

1998లో అమెరికాలో ఫెలిటి, ఆండా బృందం వేల మందిని అడిగి ఒక అధ్యయనం వెలువరించింది. చిన్నతనంలో దెబ్బలు, ఇంట్లో హింస లాంటి గాయాలు నాలుగు రకాలో అంతకన్నా ఎక్కువో పడ్డవాళ్లకు తాగుడు, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నాల ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. ఆ ప్రశ్నల్లో ముంపూ లేదు, వలసా లేదు. పాలమూరులో అడిగితే ఆ రెండూ చేర్చి అడగాలి.

గాయపడ్డ ప్రతి ఒక్కరూ తాగరు. ఒళ్లునొప్పులకు మొదలుపెట్టి ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు. పెండ్లాన్ని కొట్టేవాడికి ఇది మాఫీ పత్రమూ కాదు. ఆ దెబ్బలు చూస్తూ పెరిగే పిల్లకు కూడా రేపు నిద్ర పట్టదు. అన్నట్టు, ఇక్కడ ఆడవాళ్లూ కల్లు తాగుతారు. తాగుడు మాన్పించే కేంద్రాల గురించి మాట్లాడేటప్పుడు వాళ్లు ఎవరికీ గుర్తురారు.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో సర్కారు వైద్య కళాశాలలు వచ్చాయి. మానసిక వైద్యమంటే ఎర్రగడ్డేనన్న సాకు ఇక చెల్లదు. మోతాదు తగ్గించే వైద్యం మొదటి మెట్టు. ఆ తర్వాత ఆ మనిషి కథ వినేవాళ్లు కావాలి. మానసిక సాయం ఫోన్ సేవ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, అంతవరకు మేలు. కానీ చికిత్స ముగిసినవాణ్ని మళ్లీ అదే మేస్త్రి అడ్వాన్సుకు అప్పగిస్తే ఎన్నాళ్లు నిలుస్తాడు? ఊళ్లో పని, పిల్లలకు హాస్టలు, అప్పుకు వాయిదా - ఇవీ వైద్యంలో భాగమే.

కల్తీగాళ్లను వదిలేయాలని కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మళ్లీ ప్రాణాలు తీసింది. అల్ప్రాజోలం వండేవాణ్ని, అమ్మేవాణ్ని జైల్లో పెట్టండి. కానీ దుకాణానికి తాళం వేసే ముందు ఆ మండలం పీహెచ్‌సీలో మోతాదు తగ్గించే మాత్రలు, వాటిని రాయడం తెలిసిన డాక్టరు ఉన్నదీ లేనిదీ ఎక్సైజ్ అధికారి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. లేకుంటే ముందు ఆ రెండూ సమకూర్చి, ఆ తర్వాతే దాడికి బయల్దేరాలి.