ఇంటి కంప్యూటర్‌లో కాగితాలు.. పరాయి దేశంలో అవస్థలు

ఇదివరకు ఊరి నుంచి ఒక కాగితం కావాలంటే ఫోన్ చేసి చెప్పి, సెలవు మీద వెళ్లి వచ్చేవాళ్ల చేతికి తెప్పించుకునేవాళ్లం. ఇప్పుడు తమ్ముడో కొడుకో అన్నీ స్కాన్ చేసి ఇంట్లో కంప్యూటర్‌లో పెడుతున్నాడు. ‘మన కాగితాలన్నీ భద్రంగా ఉన్నాయి’ అన్న ధీమాతో మనం విమానం ఎక్కుతున్నాం. భద్రంగా ఉండటం వేరు, చేతికి అందటం వేరు. ఆ తేడా అవసరం పడ్డ రోజున గానీ తెలిసి రావటం లేదు.

మా క్యాంపులో నిజామాబాద్ జిల్లా సోదరుడొకరికి అయిదు నెలల జీతం ఆగిపోయింది. లేబర్ ఆఫీసుకు వెళ్తే ఒప్పంద పత్రం తెమ్మన్నారు. అది ఊళ్లో తమ్ముడి కంప్యూటర్‌లో ఉంది. తమ్ముడేమో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంట్లో ఉన్న అమ్మకు పాస్‌వర్డ్ తెలియదు. ఆదివారం తమ్ముడు ఊరికి పోయి, స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. తీరా చూస్తే జీతం అంకె ఉన్న చోటే మసకగా ఉంది! సరైన కాపీ చేతికొచ్చేసరికి పది రోజులు పట్టింది.

దూరం నుంచి ఇంటి కంప్యూటర్ తెరిచే సాధనాలు లేక కాదు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ వంటివి చాలా ఉన్నాయి. రూమ్‌లో కూర్చుని ఫోన్‌లోనే ఊళ్లో కంప్యూటర్‌ను నడపవచ్చు. కానీ అక్కడ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, కరెంటు ఉండాలి, నెట్ ఉండాలి. కరెంటు పోయి వస్తే ఎవరో ఒకరు మళ్లీ స్విచ్ నొక్కాలి. మన ఊళ్లలో ఇవన్నీ ఒకేసారి కుదరటం అదృష్టమే.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనం వచ్చే దారిలోనే దొంగా రావచ్చు. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఈ యాప్ వేసుకోండి, స్క్రీన్ మీద వచ్చిన నంబరు చెప్పండి’ అంటారు. చెప్పామా, మన ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నట్లే. ఎనీడెస్క్ ద్వారా జరిగే ఇలాంటి మోసాలపై రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. యాప్ తప్పు కాదది, నంబరు పరాయివాడికి చెప్పటం తప్పు. ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు మనమే విడమరచి చెప్పాలి.

అందుకే మేము అనేదేమిటంటే, కాగితం కోసం ఇంటి కంప్యూటర్ దాకా వెళ్లే అవసరమే రానీయకూడదు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, సంతకాలు చేసిన ఒప్పందం, ఏజెంటుకు కట్టిన డబ్బు రసీదు, బీమా పాలసీ.. వీటిని బయల్దేరక ముందే స్కాన్ చేయించి గూగుల్ డ్రైవ్‌లోనో, సొంత ఈ-మెయిల్‌లోనో పెట్టుకోవాలి. జిరాక్స్ షాపులో స్కాన్ చేయిస్తే అక్కడి కంప్యూటర్‌లోంచి దగ్గరుండి తీసేయించాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే అక్షరాలు చెదరవు. పాస్‌వర్డ్ మనకూ, ఇంట్లో నమ్మకమైన ఒక్కరికీ తెలిస్తే చాలు.

ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు వంటివి 2015లో వచ్చిన డిజిలాకర్‌లో దొరుకుతాయి. అయితే ఓటీపీ ఆధార్‌కు ఇచ్చిన ఇండియా నంబరుకే వస్తుంది. ఇక్కడికి రాగానే ఆ సిమ్ పక్కన పడేసి రీచార్జి మానేస్తే, తలుపు ఉండీ తాళంచెవి పోగొట్టుకున్నట్లే. రోమింగ్‌తో ఆ నంబరును బతికించుకోవాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? కార్మికుడి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని ఖతార్ 2015లో చేసిన 21వ నంబరు చట్టం చెబుతోంది. పాతిక వేల రియాళ్ల దాకా జరిమానా కూడా ఉంది. అయినా గల్ఫ్‌లో ఎంతమంది పాస్‌పోర్టులు కంపెనీ బీరువాల్లో ఉన్నాయో మనకు తెలియనిదా! 2020లో కరోనా దెబ్బకు వందే భారత్ విమానాలెక్కినవారిలో బకాయిలు వదులుకున్నవారెందరో. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ క్షమాభిక్ష ఇచ్చింది. అలాంటప్పుడు పాస్‌పోర్టు పోగొట్టుకున్న ఖల్లివల్లి సోదరుడికి ఔట్‌పాస్ కావాలంటే, పాత పాస్‌పోర్టు కాపీ ఒక్కటి ఉన్నా సగం పని అయినట్లే.

ప్రభుత్వానికీ ఒక మాట. విమానం ఎక్కే ప్రతి కార్మికుడి ఫోన్‌లో ఒప్పందం కాపీ, అదీ తెలుగులో, ఉండేలా చూడాలి. సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తెలియని మనిషి ఏ ఆఫీసులో ఏమని వాదిస్తాడు?

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. ఈ శుక్రవారం సెలవు రోజున ఒక గంట కేటాయించి కాగితాలన్నీ సర్దుకుందాం. చదువు రాని రూమ్‌మేట్ ఉంటే అతనివీ సర్ది పెడదాం. రేపు అతనికో మనకో అదే అక్కరకొస్తుంది.