బండి మనది... చోటు దానిది!

సెలవులకి ఊరెళ్తే కుక్కని ఎక్కడ వదలాలి? అమెరికాలో చాలామంది దాన్నీ మోటార్‌హోమ్ ఎక్కించేస్తారు. వంటిల్లు, పడక, స్నానాలగది అన్నీ ఉన్న బండి అది. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ట్రక్కుపై కట్టించుకున్న గదిలో, చార్లీ అనే పూడిల్‌ని తోడు తీసుకుని దేశం చుట్టొచ్చాడు.

అయితే లాబ్రడార్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతులుంటే బండిని ఆచితూచి ఎంచుకోవాలి. ముందు చూడాల్సింది నేల. షోరూమ్‌లో పక్కగోడల్ని బయటికి జరిపి చూపిస్తారు, హాలంత కనిపిస్తుంది. ప్రయాణంలో వాటిని లోపలికి లాగేస్తే నడవడానికే చోటుండదు. అందుకే మూసి చూపించమనాలి. కుక్కని పడుకోబెట్టి మరీ చూడాలి. వ్యాన్‌లా ఉండే క్లాస్ బి నడపడం తేలికే కానీ ఇరుకు. క్లాస్ సిలో డ్రైవర్ తలపైనే ఓ పడక ఉంటుంది కాబట్టి కింద కాస్త ఖాళీ మిగులుతుంది. బండి ఎంత బరువు మోయగలదో లోపల స్టిక్కర్ మీద రాసుంటుంది. రెండు గ్రేట్ డేన్‌లంటే వంద కిలోల పైమాటే మరి!

అన్నిటికన్నా ముఖ్యం చల్లదనం. అక్కడి జాతీయ పార్కుల్లో చాలా నడకదారుల్లోకి కుక్కల్ని రానివ్వరు. మనం తిరిగొచ్చేదాకా అది బండిలోనే ఉండాలి. ఎండలో మూసి ఉంచిన కారులో, బయట 22 డిగ్రీలే ఉన్నా గంటలో 40 దాటొచ్చు. ఏసీ ఉన్నా కరెంటు పోతే అంతే సంగతులు. కాబట్టి దానంతటదే ఆన్ అయ్యే జనరేటర్, లోపలి వేడిని ఫోన్‌కి చెప్పే పరికరం ఉన్నాయా అని అడగాలి. లేదంటే ఇంట్లో ఒకరు దాని దగ్గరే ఆగాలి.

పరుపు బాగాలేకపోతే మనం గొణుక్కుంటాం. ఉక్కపోస్తోందని అది నోరు తెరిచి చెప్పలేదుగా!