పండగ పూట నాయనమ్మని మూల కుర్చీలో కూర్చోబెట్టకండి



డిసెంబరు వచ్చింది. వేటపాలెం, చీరాల, స్టువర్టుపురం, బాపట్ల చుట్టుపక్కల మన ఇళ్ళ మీద స్టార్లు వేలాడుతున్నాయి. హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నవాళ్ళు రైలు టికెట్లు చూసుకుంటున్నారు. యూత్ కమిటీలు చందాలు రాస్తున్నాయి. ఈ సందట్లో ఒక మాట గట్టిగానే చెప్పదలుచుకున్నాం. కోపం వస్తే రానివ్వండి, చివరిదాకా మాత్రం చదవండి.

మన ఎరుకల ఇళ్ళల్లో తాతకీ మనవడికీ మధ్య ఉన్న దూరం సెల్‌ఫోన్ తెచ్చింది కాదు. చట్టం చేసి మరీ తెచ్చిన దూరం అది. మూడు తరాలు ఒకే ఇంట్లో కలిసే క్రిస్మస్ నాడు దాన్ని కొంతైనా తగ్గించుకునే వీలుంది. మన కమిటీలు మాత్రం ప్రోగ్రాం పేరు పెట్టి దాన్ని ఇంకా పెంచుతున్నాయి.

ఏ చట్టం అంటారా? 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మన మద్రాసు రాష్ట్రం మీదికీ తెచ్చారు. ఒక జాతిని ఆ జాబితాలో ఎక్కిస్తే ఇక అందులో పుట్టిన ప్రతివాడూ అనుమానితుడే. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. ఆ పేరు కూడా మనది కాదు, హెరాల్డ్ స్టువర్ట్ అనే పెద్ద అధికారిది. అక్కడ హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి.

ఇంతవరకు చాలామంది విన్నదే. విననిది ఇంకోటుంది. సెటిల్‌మెంట్లో పెట్టిన జాతుల పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి వేరుచేసి బడుల్లో ఉంచే అధికారం కూడా ఆ 1911 చట్టంలోనే రాసుకున్నారు. పెద్దల నీడ పడితే పిల్లలు చెడిపోతారని వాళ్ళ లెక్క. అంటే మన పెద్దోళ్ళ మాట మన పిల్లల చెవిన పడకూడదని సర్కారే కోరుకుంది.

ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది గానీ సిగ్గు పోలేదు. బస్సులో మన కుర్రు బాస మాట్లాడితే ఎవరన్నా తిరిగి చూస్తారని పెద్దోళ్ళు గొంతు తగ్గించారు. బడికెళ్ళే పిల్లల ముందు తెలుగే మాట్లాడారు. ఏ ఊరని అడిగితే పక్క ఊరి పేరు చెప్పడం నేర్పారు. ఇప్పటికీ చూడండి, వంటింట్లో ఇద్దరు ముసలమ్మలు అరిసెలు వత్తుకుంటూ మన బాసలో నవ్వుకుంటుంటారు. మనవరాలు లోపలికి రాగానే తెలుగులోకి మారిపోతారు. పిల్లని కాపాడుతున్నామనే అనుకుంటారు పాపం.

వాళ్ళు చెప్పని చోట ఎవరు చెప్పారు? సినిమావాళ్ళు చెప్పారు. 1991లో స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ వచ్చింది. 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. మనల్ని కించపరుస్తోందని దాని మీద హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ టీజర్ మీద గ్రూపుల్లో రాత్రింబగళ్ళు వాదించినోళ్ళున్నారు. మంచిదే. కానీ అసలు సంగతి చెప్పగల తాత పక్క గదిలోనే మంచం మీద ఉన్నాడు కదా. ఆయన్ని అడిగినవాళ్ళు ఎంతమంది?

అడిగితే ఏం చెబుతారో తెలుసా? మనం సాతుపాటివాళ్ళమా, కావడివాళ్ళమా, మానుపాటివాళ్ళమా, మెండ్రగుత్తివాళ్ళమా అన్నది చెబుతారు. రైలు రాకముందు ఉప్పు ఎరుకలవాళ్ళు గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊళ్ళు తిరిగిన సంగతి చెబుతారు. చినగంజాం దారిలో ఉప్పు మడుల్ని చూస్తూ పోతాం కదా, ఆ ఉప్పుతో మనకూ ఒక లెక్క ఉంది. చీరాల ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో సెటిల్‌మెంటువాళ్ళు చేసిన చాకిరీ చెబుతారు. వెదురు బద్ద చీల్చడం, బుట్ట అల్లడం, ఎరుక చెప్పడం, ఇవన్నీ తెలివితో చేసిన పనులని చెబుతారు. దొంగల బ్రతుకు అని ఒక్క ముక్కలో తేల్చేసిన వాళ్ళకి ఇదీ మన జవాబు.

మన వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో పెట్టిన గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. గాంధీగారి చేతికర్ర కూడా అక్కడ భద్రంగా దాచారు. ఆ ఊరివాళ్ళమైనందుకు మాకు గర్వమే. అయితే మన నాయనమ్మ మాట ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు, ఏ బీరువాలోనూ లేదు. ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. హాజరు పలికిన అమ్మానాన్నల చేతుల్లో పెరిగినవాళ్ళు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటారు. ఇంకెన్ని క్రిస్మస్‌లు ఉన్నాయనుకుంటున్నారు?

ఇక కమిటీల సంగతి. సండే స్కూలు పిల్లలకి ఒక రోజు, యూత్‌కి ఒక రాత్రి, స్త్రీల సమాజానికి ఒక పూట. అందరూ కలిసే పండగ నాడేమో స్టేజీ మీద ముఖ్య అతిథి, చెవులు చిల్లులుపడే సౌండ్ బాక్సులు, వెనక వరసలో ముసలివాళ్ళు. వాళ్ళని పైకి పిలిచేది చీర పంచేటప్పుడు, ఫొటో దిగేటప్పుడు. పెద్దలంటే చీరకి చెయ్యి చాచేవాళ్ళేనా? వాళ్ళకి ఇవ్వడమే తప్ప వాళ్ళ దగ్గర్నుంచి తీసుకునేది ఏమీ లేదా?

"పండగ పూట ఆ ఏడుపులెందుకు" అంటారు కొందరు. మన ముసలమ్మల జోకులు విననివాళ్ళే ఆ మాట అంటారు. హాజరు గుమాస్తాని ఏడిపించిన కథలు కూడా అందులోనే ఉంటాయి. "వాళ్ళకే చెప్పడం ఇష్టం లేదు" అంటారు ఇంకొందరు. నిజమే, అందరూ నోరు విప్పరు. కొన్ని గాయాలు అడక్కూడనివి. వద్దంటే వదిలేయండి. చెప్పాలని ఉన్నా అడిగే దిక్కులేని వాళ్ళ సంగతే మేం మాట్లాడుతున్నాం.

"చర్చిలో ఆర్మీ గురించి చెడుగా మాట్లాడతారా" అని మరో భయం. చదువు ఇచ్చింది వాళ్ళే అని ఒక తాత అంటాడు. కాపలా కాసింది వాళ్ళే అని ఇంకో తాత అంటాడు. ఇద్దరి మాటా వినండి. ఇద్దరూ బతికి చెబుతున్నదే. ఏది నిజమో పండగ రోజే తేల్చేయాలని ఎవరన్నారు?

కాబట్టి ఈసారి ఇలా చేద్దాం.

క్యారల్స్‌కి వెళ్ళినప్పుడు రెండు పాటలు పాడి టీ తాగి పరిగెత్తొద్దు. పెద్దవాళ్ళున్న ఇంట్లో పది నిమిషాలు కింద కూర్చోండి. ఒక్క ప్రశ్న అడగండి, చిన్నదే: "మీ చిన్నప్పుడు పండగెట్లా చేసేవాళ్ళు?" మిగతాది దానంతటదే వస్తుంది.

భోజనాల దగ్గర వయసువారీ పంక్తులు వద్దు. మనవరాలి పక్కన అమ్మమ్మ, మనవడి పక్కన తాత.

కుర్రు బాసలో పది మాటలన్నా నేర్చుకోండి. తప్పు పలికితే వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఫోన్ తీసి రికార్డు చెయ్యండి, కానీ అడిగి చెయ్యండి. రీల్స్‌లో పెట్టొద్దు. అది ఇంటి ఆస్తి.

మన సంగతి కూడా వాళ్ళకి చెప్పండి. బీటెక్ అంటే ఏంది, హాస్టల్ ఎట్లా ఉంటుంది, కులం అడిగితే క్లాసులో గుండె ఎందుకు జారుతుంది, అన్నీ. వాళ్ళు దాచుకున్నదీ, మీరు దాచుకుంటున్నదీ ఒకటే సిగ్గని అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది.

యానాది, సుగాలి మిత్రులకు కూడా ఇదే మాట. మీ పండగ వేరైతే ఆ పండగకే చెయ్యండి.

పిల్లల్ని పెద్దల నుంచి వేరు చేయాలని దొరలు చట్టం రాసుకున్నారు. ఇప్పుడు ఆ చట్టం లేదు, కాపలావాడు లేడు, చీటీ అక్కర్లేదు. నాయనమ్మ కుర్చీని మూల నుంచి మధ్యలోకి జరపడానికి ఎవరి అనుమతి కావాలి?